దాచిన లేయర్లు

నాకు అనుమానం ఎక్కువ. ఇదేమీ దాచుకోవాల్సిన సంగతి కాదు, నర్సీపట్నంలో నా దగ్గర మొక్క కొన్న ప్రతివాళ్ళకీ తెలుసు. లారీలో వచ్చిన మొక్కని వేరు చూడకుండా దింపుకోను. సంచిలో పైన మట్టి నల్లగా నిగనిగలాడుతుంటే కింద ఏటి పెట్టి పంపారో అని వేలు గుచ్చి చూస్తాను. ఈ ఇరవై ఏళ్ళలో నా అనుమానం నన్ను చాలాసార్లు కాపాడింది. ఒక్కసారి మాత్రం నిలువునా ముంచింది. ఆ ఒక్కసారి సంగతే ఇది.

బలిఘట్టం రోడ్డులో నాకు చిన్న నర్సరీ ఉంది. మొక్కలు అమ్మడమే కాదు, ఇళ్ళముందు తోటలు కూడా వేసిపెడతాను. దానికి నా పద్ధతి నాది. ముందు ఇంటివాళ్ళని పెరట్లో నడవమంటాను. బట్టలెక్కడ ఆరేస్తారు, కుర్చీ ఎక్కడ వేసుకుని కాఫీ తాగుతారు, చెప్పులెక్కడ విడుస్తారు, అన్నీ చూస్తాను. తరవాత కొబ్బరిచిప్పలో సున్నప్పిండి పట్టుకుని, తాడు లాగి, నేలమీదే గీత గీస్తాను. ఇక్కడ దారి, ఇక్కడ మందార, అక్కడ నిమ్మ. ఇల్లాలికి నచ్చకపోతే కాలితో చెరిపేసి మళ్ళీ గీస్తాను. కాగితం మీద తోట గియ్యాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు.

రోలుగుంట రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టినప్పుడు పడింది. ఆ తోట పని నాదే అనుకుని చిప్ప పట్టుకుని వెళ్ళాను. ఓనరు ఫోను తీసి బొమ్మలు చూపించాడు. విశాఖపట్నం నుంచి ఎవరో పంపారట. "త్రీడీ అండి" అన్నాడు, అదేదో దేవుడి పటం చూపించినట్టు. హాలు ముందు పదేళ్ళు పెరిగిన చెట్లు, కింద తివాచీలాంటి గడ్డి, గడ్డి మీద తెల్లటి మనుషులు కుక్కపిల్లల్ని తిప్పుతున్నారు. మన మే నెల ఎండ ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

"ఈ చెట్లు రేపు నాటగానే ఇంతేసి ఉంటాయేటండి?" అని అడిగాను.

"మీరూ ఒక బొమ్మ తెండి, చూద్దాం" అన్నాడాయన నవ్వుతూ. నేను బొమ్మ తేలేకపోయాను. పని పోయింది.

ఆ కోపంలో కృష్ణదేవిపేటలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. అక్కావాళ్ళది వరి వ్యవసాయం. కూతురు మాత్రం విశాఖపట్నంలో తోటల డిజైన్ చదివి, ఉద్యోగం ఇంకా రాక ఇంట్లోనే ఉంది. "మా గుంటని పంపుతాను, నీ దగ్గర పెట్టుకో. దానికీ పని దొరుకుతాది, నీకూ బొమ్మలు దొరుకుతాయి" అంది అక్క. అలా మర్నాటి నుంచి ఆ పిల్ల రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో రావడం మొదలెట్టింది. భుజాన సంచీ, సంచీలో టాబ్లెట్, దానికో తెల్ల పెన్ను.

నేను ఆ టాబ్లెట్‌ని పలక అనేదాన్ని. "ఏటే, నీ పలకలో ఇవాళ ఏటి పండించావ్?" అంటే నవ్వేది. నవ్వేదే గాని ఏటి చేస్తోందో నాకు తెలిసేది కాదు. అదే నా బాధ. నేను తాడు లాగుతుంటే ఎవరైనా చూడొచ్చు. ఆ పిల్ల ఒక మూల కూర్చుని, పెరటి ఫొటో మీద పెన్నుతో గీసుకుంటూ, రెండు వేళ్ళతో బొమ్మని సాగదీసి, ముడిచి, మళ్ళీ సాగదీసేది. గీసిన గీత నచ్చకపోతే వేళ్ళతో తట్టేది, గీత మాయం. కాలితో చెరిపితే కనీసం మరక మిగులుతుంది. ఇక్కడ మరక కూడా లేదు. గీసినట్టూ లేదు, చెరిపినట్టూ లేదు. ఇలాంటిదాన్ని ఎలా నమ్మడం?

ఒకసారి పరీక్ష పెట్టాను. ఒక మాస్టారి ఇంటికి గీసిన ప్లానులో గేటు నుంచి తులసికోటకి ఎంత దూరమని అడిగాను. బొమ్మ మీద పెన్నుతో ఒక గీత లాగి, "పంతొమ్మిది అడుగుల నాలుగంగుళాలు పిన్నీ" అంది. నేను ఆ సాయంత్రం పనుందని చెప్పి మాస్టారింటికి వెళ్ళి టేపు పెట్టి కొలిచాను. పంతొమ్మిది అడుగుల నాలుగంగుళాలే. సంతోషించాలి కదా? నాకు ఒళ్ళు మండింది. నేల మీద కాలు పెట్టకుండా ఇంత సరిగ్గా ఎలా చెప్పింది, ఇందులో ఏదో కిటుకుంది అనుకున్నాను. ముందు రోజు తనే టేపు పట్టుకుని పెరడంతా కొలిచిందని తరవాత మాస్టారి భార్య చెప్పింది.

ఆ పిల్ల నాకు చూపించాలని చాలా ప్రయత్నం చేసింది. పక్కన కూర్చుని, "పిన్నీ, ఇది చూడు, ఇలా ఒకదాని మీద ఒకటి..." అని మొదలెట్టేది. నేను "తెలుసులే, తెలుసులే" అని లేచిపోయేదాన్ని. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల దగ్గర, పనివాళ్ళందరూ చూస్తుండగా, అఆలు దిద్దుకుంటూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఇలా ఉండగా మేట్రన్ గారి పని వచ్చింది.

మేట్రన్ గారంటే, ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టళ్ళలో ముప్పై ఏళ్ళు మేట్రన్‌గా చేసి రిటైరై, మా ఊళ్ళో చిన్న ఇల్లు కట్టుకున్న పెద్దావిడ. కొండ మీద హాస్టలు వదిలి వచ్చేసేటప్పుడు ఒక పిల్ల తండ్రి అడ్డాకులో చుట్టి ఒక పంపరపనస మొక్క ఇచ్చాడట. దాన్ని తెచ్చి పెరట్లో వేసుకుంది. నేను చాలా పంపరపనసలు చూశాను. చేదు లేని పంపరపనసని అదొక్కదాన్నే చూశాను. వలిస్తే లోపల తొనలు ఎర్రగా మెరుస్తాయి. మళ్ళీ ఆ కొండకి వెళ్ళి వెతికినా తల్లిచెట్టు దొరకలేదని, ఎప్పుడో వానకి పడిపోయిందని ఆవిడ చెప్పింది. అంటే ఆ జాతికి మిగిలింది ఇదొక్కటే.

ఆ ఏడు పక్క స్థలం ఆయన ఇల్లు కట్టుకుందామని సర్వే చేయించాడు. చెట్టు మూడడుగులు ఆయన హద్దులోకి వచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు. "ఆషాఢంలో ముహూర్తాల్లేవు కదండీ, శ్రావణంలో శంకుస్థాపన. అప్పటిదాకా ఉంచుకోండి" అన్నాడు. హద్దు గోడ తిన్నగా కడితే చెట్టు అవతల పడిపోతుంది. శ్రావణంలో చెట్టు కొట్టేస్తారు.

మేట్రన్ గారు నా చెయ్యి పట్టుకుని, "చెట్టు పోతే పోయింది. దీని పిల్ల ఒక్కటైనా నాకు దక్కించమ్మా. మిగతా తోట నీ ఇష్టం" అంది. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. దక్కిస్తానండి అన్నాను.

గింజ వేస్తే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకని తొలకరి పడగానే చెట్టెక్కి కొమ్మలకి లేయర్లు కట్టాను. చూపుడువేలు లావు కొమ్మ తీసుకుని, ఒక అంగుళం మేర చుట్టూ బెరడు ఒలిచి, తడిపి పిండిన కొబ్బరిపొట్టు పెట్టి, పైన లోపలికి కనిపించే కవరు చుట్టి, రెండు పక్కలా పురికొసతో బిగిస్తాం. వానాకాలంలో లోపల వేళ్ళు పుడతాయి. ముందు తెల్లటి దారాల్లా వస్తాయి, ముట్టుకుంటే తెగిపోతాయి. రెండు నెలలకి గోధుమరంగు తిరిగి గట్టిపడతాయి. అప్పుడు కింద కోసి కుండీలో పెడితే తల్లిలాంటి పిల్లే. పెద్దవాళ్ళు అంటు అంటారు గాని, నర్సరీలో పనిచేసే మేమంతా లేయర్ అనే అంటాం.

కట్టడం నేను కట్టాను, తోట బొమ్మ గియ్యడం మా పిల్ల పెట్టుకుంది. మేట్రన్ గారి పెరడు ఫొటోలు తీసింది, కొలతలు తీసింది, పొద్దున్న తొమ్మిదికి నీడ ఎక్కడిదాకా, నాలుగింటికి ఎక్కడిదాకా అని రాసుకుంది. పక్క స్థలం కూడా కొలిచింది. అక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. పక్కవాడి స్థలంతో దీనికేటి పని?

కట్టి నెల దాటి నాలుగైదు రోజులయ్యుంటుంది. నేను షేడ్‌నెట్టు కింద కరివేపాకు మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. నెట్టుకి అవతల మా పిల్ల ఫోనులో మాట్లాడుతోంది. అవతల ఎవరో విశాఖపట్నంలో చదువుకున్నప్పటి స్నేహితురాలు. నేను వినాలని వినలేదు. కాని "పంపరపనస" అన్న మాట వినపడగానే నా చేతిలో పైపు పక్కకి తిరిగిపోయింది.

"పంపరపనస లేయర్లన్నీ హైడ్ చేసేశానే. మేట్రన్ గారికి కనిపించకూడదు... లేదు, మా పిన్నికి కూడా చెప్పలేదు. ముందు పక్క స్థలం ఆయన చూడాలి. ఆయన సరే అంటే ఒకటి ఉంచి మిగతావి తీసేస్తాను... అయ్యో, పోతే మళ్ళీ రావు కదా, అందుకే నీకూ పంపుతాను, నీ దగ్గర పెట్టు."

ఓలమ్మో! లేయర్లు దాచేస్తుందట. మేట్రన్ గారికి కనిపించకూడదట. పక్కవాడికి ఒకటి, విశాఖపట్నానికి మిగతావి! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు ఈశ్వరుడు కూడా అక్కర్లేదు, నా చెవులతో నేనే విన్నాను. ఆ ముందు నెలలోనే ఒక పెద్ద నర్సరీవాళ్ళు కారేసుకుని వచ్చి ఆ చెట్టు కొమ్మలడిగితే మేట్రన్ గారు ఇవ్వనని పంపించేసింది. ఇప్పుడు వాళ్ళు మా పిల్లని పట్టారన్నమాట. కొలతలు, ఫొటోలు, పలక, తెల్ల పెన్ను, అన్నీ దీనికోసమే. మూడు నెలలుగా నాకు పట్టుపడని కిటుకు ఇప్పుడు పట్టుపడిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా అనుమానమే నిజమైందని లోపలెక్కడో కాస్త సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడే నెట్టు ఎత్తి "ఏటే నువ్వనేది?" అని ఒక్క మాట అడిగితే అక్కడితో అయిపోయేది. అడగలేదు. దొంగని అడిగితే దొంగ నిజం చెబుతుందా అనుకున్నాను. పోనీ మేట్రన్ గారికి చెబుదామంటే నా అక్క కూతురే దొంగ అని ఏ నోటితో చెప్పను? ఎవరికీ తెలియకుండా లేయర్లు నేనే భద్రం చేసేస్తే పిల్ల పరువూ దక్కుతుంది, మేట్రన్ గారి జాతీ దక్కుతుంది అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

మర్నాడు మేట్రన్ గారు పెన్షను పనిమీద బ్యాంకుకి వెళ్ళే వేళ చూసి, కత్తెర సంచిలో వేసుకుని వెళ్ళాను. చెట్టెక్కి కవర్లు చూశాను. లోపల వేళ్ళు తెల్లగా ఉన్నాయి. సన్నగా, లేతగా, పొట్టులో ఇంకా దారి వెతుక్కుంటున్నాయి. ఇంకో నెల ఉండాలని నా చేతికి తెలుసు. ఇరవై ఏళ్ళుగా అదే పని చేసిన చెయ్యి. అయినా అనుమానం చేతిని మింగేసింది. మా షేడ్‌నెట్టు కింద తడి ఎక్కువ, మూత వేసి ఉంచితే పర్లేదు, బేగి కోసేస్తేనే మేలు అనుకుని ఒక్కొక్కటీ కోసేశాను.

నర్సరీలో వెనకవైపు, పాత కుండీల చాటున, కవరు గుడారం వేసి అందులో పెట్టాను. మేట్రన్ గారు కొమ్మలు లేకపోవడం చూసి ఫోన్ చేసింది. "వేళ్ళొచ్చేశాయండి, కోసి కుండీల్లో పెట్టాను. నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అన్నాను. "అమ్మయ్య! నిండు నూరేళ్ళు బతుకమ్మా" అంది ఆవిడ. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్న ఫోను. "పిల్లలెలా ఉన్నాయి?" అని. "బాగున్నాయండి" అని నేను.

బాగులేవు. నాలుగో రోజుకి ఆకులు తలలు వేలాడేశాయి. సగం ఆకులు కత్తిరించాను. నీళ్ళు చిలకరించాను. నాటువైద్యాలన్నీ చేశాను. ఎనిమిదో రోజుకి ఆకు ముట్టుకుంటే రాలిపోతోంది. ఒకదాన్ని కదిపి చూస్తే పొట్టులోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆ తెల్లటి వేళ్ళు కుళ్ళి జిగురైపోయి ఉన్నాయి. ముసురు పట్టిన రోజులు, ఎండ లేదు, గుడారంలో బూజు. చివరిదాని మీద ఆశ పెట్టుకుని రెండుపూటలా దాని దగ్గరే కూర్చునేదాన్ని. పదిహేనో రోజుకి అదీ పోయింది.

అప్పటికైనా నా మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఆ పిల్ల దొంగ బుద్ధి వల్లే కదా నేనింత పని చెయ్యాల్సివచ్చింది అని దాని మీదే వచ్చింది. ఆ పొద్దున్న అది ఆటో దిగి లోపలికి రాగానే అరిచాను. పనివాళ్ళున్నారనీ చూడలేదు.

"ఏటే, లేయర్లు దాసేస్తావా? నా కళ్ళు గప్పుదామనుకున్నావేటి? ఎవత్తెకి పంపుతున్నావ్, ఎంతకి మాటాడుకున్నావ్, సెప్పు! మీ అమ్మ నిన్ను నా దగ్గరకి పనికి పంపిందా, దొంగతనానికి పంపిందా?"

ఆ పిల్ల సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏ లేయర్లు పిన్నీ?" అంది.

"పంపరపనస లేయర్లు! నువ్వు ఫోనులో సెప్పినవి! మేట్రన్ గారికి కనిపించకూడదన్నవి!"

ఒక నిమిషం నా మొహంలోకి చూసింది. తరవాత నవ్వడం మొదలెట్టింది. కడుపు పట్టుకుని, కుండీ అంచు మీద కూలబడి నవ్వింది. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. నవ్వుతూనే టాబ్లెట్ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదిగో పిన్నీ లేయర్లు. మొదటి రోజే చెప్పబోయాను, నువ్వు తెలుసులే అన్నావ్."

మేట్రన్ గారి పెరడు బొమ్మ. పక్కన వరసగా పేర్లు. నేల ఒక పొర, దారులు ఒక పొర, గోడలు ఒకటి, మొక్కలు ఒకటి. ఒకదాని మీద ఒకటి పరిచిన గాజుకాగితాల్లా. ప్రతి పేరు పక్కనా ఒక కన్ను బొమ్మ. కన్ను నొక్కితే ఆ పొర మాయమైపోతుంది, మళ్ళీ నొక్కితే వచ్చేస్తుంది. ఈ పొరల్నే వాళ్ళు లేయర్లంటారట. "పంపరపనస" అని ఒక గుంపు ఉంది, కన్ను మూసి. ఆ పిల్ల నా వేలు పట్టుకుని ఆ కన్ను మీద నొక్కించింది.

చెట్టు వచ్చింది. హద్దు గోడ చెట్టు దగ్గరకి వచ్చి కొంచెం పక్కకి ఒదిగి, చెట్టుని దాటాక మళ్ళీ తిన్నగా వెళ్ళింది. ఇంకో కన్ను తెరిస్తే గోడ ఇంకోలా. మరోటి తెరిస్తే, పక్కాయనకి పోయే మూడడుగులకి బదులు రోడ్డువైపు మేట్రన్ గారి స్థలంలోంచి అంతే ఇచ్చినట్టు గీసి ఉంది. రకరకాలుగా గీసింది.

"చెట్టు కొట్టకుండా గోడ కట్టొచ్చేమోనని చూశాను. మేట్రన్ గారికి ముందే చూపిస్తే ఆశ పెట్టుకుంటారు, ఆయన కాదంటే తట్టుకోలేరు. అందుకే దాచాను. నీకు చెబితే కోపంలో నువ్వే ఆవిడకి చెప్పేస్తావని చెప్పలేదు. త్రీడీ చెయ్యమని, ఇందులో పోయినా ఒక కాపీ ఉంటుందని నా ఫ్రెండుకి పంపాను. నిన్న ఆయనకి చూపించాను కూడా."

"ఏటన్నాడు?"

"బొమ్మ బాగుందన్నారు. గంటసేపు చూశారు. కానీ గోడ వంకరైనా, స్థలం మార్చుకున్నా ఈశాన్యం మూల చెడుతుందని సిద్ధాంతి గారు ఒప్పుకోలేదట. పోనీలే పిన్నీ, నువ్వు అంట్లు కట్టావు కదా, జాతి పోదు" అని, కళ్ళు తుడుచుకుని లేచింది. "ఎక్కడున్నాయి? చూపించవా?"

ఇరవై ఏళ్ళ నర్సరీదాన్ని, నేను లేయర్ అని ఇంగ్లీషు మాట పట్టుకున్నాను. ఇంగ్లీషులో చదువుకున్న ఆ పిల్ల మాత్రం అంటు అనే తెలుగు మాటే అంది. దానికి లేయరంటే బొమ్మ, నాకు లేయరంటే కొమ్మ. ఇంత చిన్న మాట దగ్గర ఇంత పెద్ద చెట్టు జాతిని చంపుకున్నాను.

వెనక్కి తీసుకెళ్ళి చూపించాను. ఎండిన పుల్లలు. ఆ పిల్ల ఒకటి లాగి చూసింది, కుళ్ళిన మొదలు చూసింది, నా మొహం చూసింది. దాన్ని మళ్ళీ కుండీలో గుచ్చి, "నన్ను అడగొచ్చు కదా పిన్నీ" అంది అంతే.

అడగొచ్చు. ఎందుకడగలేదో అప్పుడే నాకు తెలిసింది. అడిగితే, నాకు తెలియదని దానికి తెలిసిపోతుంది. ఆ పలక నాకు అర్థం కాదని, ఫంక్షన్ హాలు దగ్గర నుంచీ నాకు భయంగా ఉందని తెలిసిపోతుంది. భయం అని ఒప్పుకోలేక అనుమానం అని పేరు పెట్టుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలెట్టాం. శంకుస్థాపనకి ఇంకా కొన్నాళ్ళుంది. మళ్ళీ లేయర్లు కట్టాను, రోజులు చాలవని తెలిసీ. ఆ చెట్టు మొగ్గలు కోసి నిమ్మ మొదళ్ళలో పొదిగి కన్ను అంట్లు కట్టాను, మా పిల్ల పక్కన కూర్చుని టేపు చుట్టి ఇచ్చింది. ఆ ముసురుకి ఒక్కటీ పట్టలేదు. ఈ రోజులన్నీ మేట్రన్ గారు ఫోన్ చేస్తూనే ఉంది, నేను బాగున్నాయంటూనే ఉన్నాను. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని మా పిల్ల రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

శంకుస్థాపన రోజు పొద్దున్నే వెళ్ళాం. పక్క స్థలంలో పందిరి వేశారు, పురోహితుడు వచ్చాడు. చెట్టు కొట్టే ఇద్దరు గొడ్డళ్ళు ఆనించి బీడీ కాలుస్తున్నారు. కొత్త లేయర్ల కవర్లు కొమ్మలకి ఇంకా వేలాడుతున్నాయి, లోపల ఒక్క వేరు లేకుండా. మేట్రన్ గారు చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే, "పిల్లల్ని ఎప్పుడు తెస్తావు? కుండీలు కడిగి పెట్టాను" అంది.

నేను ఆవిడ కాళ్ళ దగ్గర మట్టిలో కూర్చుని చెప్పేశాను. మా పిల్లని దొంగ అనుకున్న సంగతి, దొంగచాటుగా కోసిన సంగతి, రోజూ ఆడిన అబద్ధాలు. చెబుతూ చెబుతూ, ఎవరికీ చెప్పనిది, మా పిల్లకి కూడా చెప్పనిది, ఇక్కడిదాకా మీకూ చెప్పనిది కూడా చెప్పేశాను. నేను కట్టింది ఆరు లేయర్లు. మేట్రన్ గారితో నాలుగని చెప్పాను. పైకొమ్మల్లో ఆకుల చాటున కట్టిన రెండూ నా నర్సరీకని ముందే అనుకున్నాను. ఆ చెట్టు నుంచి దొంగిలించాలని మొదట అనుకున్నది నేనే. అందుకే పక్కవాళ్ళ నోట ఆ మాట వినపడగానే అంత బేగి నమ్మేశాను.

మా పిల్ల తల దించుకుంది. మేట్రన్ గారు మాత్రం నన్నే చూస్తోంది.

"ఆరని నాకు తెలుసమ్మా" అంది. "ముప్పై ఏళ్ళు పొద్దుటా రాత్రీ పిల్లల తలలు లెక్కపెట్టినదాన్ని. చెట్టుమీద మూటలు లెక్కపెట్టుకోలేనా? నువ్వు నాలుగన్నావు, నేను ఊరుకున్నాను. రెండు నీ దగ్గర ఉంటే మంచిదే, నేను పోయాక ఎవరింట్లోనో బతుకుతుంది కదా అనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. పక్కనుంచి మంత్రాలు మొదలయ్యాయి. ఎవరో "ఇంక కొట్టమంటారా అండీ?" అని కేకేశారు. ఆవిడ చెయ్యెత్తి ఒక్క నిమిషం ఆగమంది.

"నన్ను అడిగుంటే పది కట్టమనేదాన్ని" అని, కుర్చీ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. చెట్టు పడేదాకా నేనూ, మా పిల్లా అక్కడే నిలబడ్డాం.